అర టికెట్టు అపహరణ

“తారా, నేరస్థుల గుండెల్లో రైళ్ళు పరుగెత్తించే మేధావి ఈ భూప్రపంచంలో ఒక్కడే ఉన్నాడు. అతడు ఈ క్షణంలో కరీంనగర్‌లో, మిషన్ కాంపౌండు వెనుక సందులో, నీ ఎదుట ఆసీనుడై ఉన్నాడు.”

చాటలో బియ్యం ఏరుతున్న తారాబాయి తల ఎత్తకుండానే అంది: “కరీంనగర్‌కు రైలు లేదు గదండి. గుండెలల్ల ఉరికితె బస్సులే ఉరకాలె.”

పర్శరాములు ఆ మాట విననట్టు నటించాడు. పెళ్ళయి మూడు నెలలు. విననట్టు నటించడం అప్పుడే బాగా వచ్చింది.

అతను విత్తనాల గోదాములో గుమాస్తా. అద్దె పుస్తకాల దుకాణంలో ఉన్న అపరాధ పరిశోధన నవలలన్నీ రెండేసి సార్లు చదివి, నవారు మంచం మీద పడుకునే డిటెక్టివ్ అయిపోయాడు. ఆ అవతారం ఎత్తగానే అతని నోటికి అచ్చు పుస్తకాల భాష వచ్చేస్తుంది. భయం వేసినప్పుడు మాత్రం కరీంనగర్ తిరిగొస్తుంది.

ఇప్పటివరకు చేపట్టిన కేసులు రెండు. మొదటిది గోదాములో గొడుగు మాయం కావడం. మూడు రోజులు ఊరంతా గాలించాడు, ఆ గొడుగే పట్టుకుని. రెండవది తన పెళ్ళి. పిల్ల గుణగణాలు రహస్యంగా ఆరా తీయడానికి ఆసిఫాబాద్ పోయి, వీధిలో ఒక పెద్దమనిషిని పక్కకు పిలిచి, “ఆ ఇంటి పిల్ల ఎట్లాంటిది?” అని గుసగుసలాడాడు. ఆ పెద్దమనిషి పిల్ల బాపు. “మంచిదే బిడ్డా, జర నోరెక్కువ” అని చెప్పి, లోపలికి తీసుకుపోయి చాయ్ పోయించాడు. హైదరాబాదులో బి.ఏ. చదివి వచ్చిన తారాబాయి కిటికీలోంచి ఇదంతా చూసి, చేసుకుంటే ఈయననే చేసుకోవాలని అప్పుడే అనుకుంది. ఇంత నవ్వు పుక్కటికి ఎక్కడ దొరుకుతుంది?

ఆ శుక్రవారం పొద్దున మూడవ కేసు తనంతట తానే గుమ్మం ఎక్కింది.

“అక్కా, నా బస్సు కార్డు పోయింది” అంటూ ఒటియెనో వచ్చి, “అయ్య దేవా” అని మోకాళ్ళు పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. అతని మోకాళ్ళకు ఏమీ కాలేదు. ఇరవై మూడేళ్ళవాడు. కెన్యా దేశం నుంచి హైదరాబాదుకు వచ్చి వ్యవసాయం చదువుతూ, హుస్నాబాద్ చుట్టుపక్కల చెరువుల కింద సాగు చూసి రాసుకోవడానికి కరీంనగర్‌లో దిగాడు. ఉండేది మగ్దలేనమ్మ ఇంట్లో. ఆమె మిషన్ దవాఖానాలో ఆయాగా చేసి మానుకున్న ముసలమ్మ. తెలుగు ఆమె దగ్గరే నేర్చుకున్నాడు కనుక ఆమె మాటలతో పాటు ఆమె మోకాళ్ళ నొప్పులు కూడా వచ్చాయి.

“నిమ్మళంగ చెప్పు తమ్మీ” అంది తారాబాయి, నీళ్ళ చెంబు ఇస్తూ.

కథ చిన్నదే. పరదేశపు విద్యార్థికి అర టికెట్టు ఇవ్వవచ్చునా, ఇవ్వకూడదా అని బస్సు ఆఫీసు కాగితాలు హైదరాబాదుకూ కరీంనగర్‌కూ మధ్య రెండు నెలలు తిరిగాయి, టికెట్టు లేకుండానే. చివరికి మూడు నెలల గడువుతో ఒక కార్డు మంజూరైంది. ఫోటో అంటించి, దాని మూల మీద ఎర్ర ముద్ర కొట్టి ఇచ్చారు.

“ఇయ్యాల్టితోని గడువు ఐపోతదక్కా. నాలుగు గంటలలోపల పాత కార్డు చూపెడితె కొత్తది ఇస్తరు. లేకుంటె మళ్ళ హైదరాబాద్ రాయాలె, మళ్ళ రెండు నెలలు. నిండు టికెట్టుకు నా చదువుకిచ్చే వజీఫా సాలది. ఇరవై చెర్లల్ల పదకొండే చూసిన. మిగిలినయి చూడకుంటె చదువు ఆపి ఇంటికి పంపుతరు. మా బాపు నన్ను పంపనీకె ఆవులను అమ్మిండు.”

తారాబాయికి నవ్వు ఆగిపోయింది.

“అవ్వనడిగినవా?”

“అవ్వ పొద్దుగాలనే పక్క గల్లి రాజక్క ఇంటికి పోయింది. నేను లేశేవరకే లేదు.”

“ఐతె గాడికే పోయి అడుగుదాం పా.”

“ఆగు!” పర్శరాములు అరచెయ్యి ఎత్తాడు. “పరిశోధనలో మొదటి సూత్రం: ఇంట్లోవాళ్ళను ముందే అడగకూడదు.”

“ఎందుకు?”

“అడిగితే తెలిసిపోతుంది. అప్పుడిక పరిశోధించడానికి ఏం మిగులుతుంది?”

అప్పటికే ఆయన గోదాముకు సెలవు చీటీ రాస్తున్నాడు. కారణం దగ్గర “దేశరక్షణ” అని రాశాడు.

“మిస్టర్ ఒటియెనో, ఇది పోవడం కాదు, అపహరణ. మీ కార్డు చేతిలో ఉన్నవాడు కరీంనగర్ నుంచి హుస్నాబాద్ వరకు అర టికెట్టుతో దూసుకుపోగలడు! అంతర్జాతీయ ముఠాలు ఇట్లాంటి అవకాశం కోసమే కాచుకుని ఉంటాయి.”

“హుస్నాబాద్‌ల ముఠాకేం పనండి?” అంది తారాబాయి. “అంగట్ల మిరపకాయల ధర కనుక్కుంటదా?”

“స్త్రీలకు ఈ లోతులు అందవు.”

“నక్కో, నాకొద్దు. అందకుంటేనే మంచిది. ఊపిరాడది.”

బస్టాండుకు ముగ్గురూ బయలుదేరారు. తారాబాయి గొడుగు తీసుకుంది, ఆయన చేతికి మాత్రం ఇవ్వలేదు. దారిలో గోలీసోడా తాగింది. గోలీ టప్పున లోపలికి పడగానే ఆమెకు ప్రాణం లేచివచ్చింది. ఇంతటి విపత్తులో కూడా సోడా ఇంత బాగుండటం తప్పేమో అనిపించి, ఒటియెనోకు కూడా ఒకటి ఇప్పించింది.

హుస్నాబాద్ బస్సు కండక్టరు మొండయ్య వేపచెట్టు కింద సద్ది విప్పుకుంటున్నాడు. పర్శరాములు అతని చుట్టూ రెండుసార్లు తిరిగి, భూతద్దం తీసి, అతని చెప్పు పరిశీలించాడు.

“ఏంది సారూ, ముల్లు ఇరిగిందా?”

“నిన్న సాయంత్రం ఇతని కార్డును ఆఖరిసారి చూసింది నువ్వే. ఔనా, కాదా?”

“ఔ. చూసిన, ఇచ్చిన. జేబుల పెట్టుకున్నడు. దిగిండు.”

“రోజూ దాన్ని ఎండకు పట్టి చూస్తావట. ఎందుకు?”

“అందమైన ఫోటో సారూ. నా కార్డు మీద నా మొకం సూస్తె నాకే టికెట్టు ఇయ్యబుద్ధి కాదు.”

“మాటలు మార్చకు! అర టికెట్టు మీద ఆశతో నువ్వే దాన్ని కాజేశావు!”

మొండయ్య జొన్నరొట్టె ముక్కను నోటి దగ్గరే ఆపాడు. ఒటియెనో వంకా, తారాబాయి వంకా చూశాడు. తరువాత ఎంతో జాలిగా అన్నాడు: “సారూ, నేను కండక్టర్ని. పొద్దుందాక బస్సులనే తిరుగుత, పుక్కట్ల. గా అర టికెట్టు కార్డు తెచ్చుకోని నేను అర పైసలు కట్టాల్నా?”

చుట్టూ మూగిన పదిమందీ ఘొల్లున నవ్వారు. పర్శరాములు నోటుబుక్కులో రాసుకున్నాడు: ‘ముద్దాయి జవాబు సంపూర్ణంగా సబబుగా ఉంది. అనుమానం రెట్టింపు.’

ఆ తరువాత అతను పండ్ల బండివాణ్ణి, చెప్పులు కుట్టేవాణ్ణి, చివరికి నీడన పడుకున్న మేకను కూడా అనుమానించాడు. మేకను అనుమానించడం ఒక్కటే తారాబాయికి కొంత సమంజసంగా తోచింది, అట్టముక్క కనుక తిని ఉండవచ్చు. ఇట్లా మధ్యాహ్నం మూడయింది. ఒటియెనో బస్టాండు గడియారం వైపు చూసి, మళ్ళీ తన చేతుల వైపు చూసుకుంటున్నాడు.

“ఇగ చాలు” అంది తారాబాయి. “నేను రాజక్క ఇంటికి పోతున్న. మీరు వస్తె రాండ్రి, లేకుంటె మేకతోని మాట్లాడుకుంట కూసోండ్రి.”

రాజక్క ఇల్లు చేరేసరికి తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి. లోపలినుంచి పది పన్నెండు గొంతులు ఒకేసారి, ఒక్కొక్కటి ఒక్కొక్క మాట, ఏడుస్తున్నట్టు, బతిమాలుతున్నట్టు, గడగడా వినిపిస్తున్నాయి. పర్శరాములు గోడకు అతుక్కుపోయాడు.

“విన్నావా? సంకేత భాష! ఒకరి మాట ఒకరు వినడం లేదు, అయినా అందరూ మాట్లాడుతున్నారు. ముఠా కొలువు తీరింది!”

“అయ్యో, అది ఆడోళ్ళ ప్రార్థనండి! ప్రతి శుక్రవారం పొద్దుందాక చేస్తరు. అందరు ఒక్కసారే...”

అప్పటికే ఆయన తలుపు తోసుకుని లోపలికి దూకాడు. “కదలకండి! ఆట కట్టింది!”

మోకాళ్ళ మీద ఉన్న పన్నెండుమంది ఆడవాళ్ళు కళ్ళు తెరిచారు. మధ్యలో పీట మీద నల్లగుడ్డ పరిచి, దాని మీద ఒక పెద్ద బైబిలు పెట్టి ఉంది. దాని వెనుక మగ్దలేనమ్మ. ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది. వాళ్ళంతా ఓపికగా చూస్తున్నారు. ఆ చూపులకు పర్శరాములు నోట పుస్తకాల భాష ఎగిరిపోయింది.

“గ... గదేంది, గంత లావు పుస్తకం? గంత లావెందుకున్నది?” అంటూ, ఏదో ఒకటి చేయకపోతే పరువు దక్కదన్నట్టు, బైబిలును రెండు చేతులా ఎత్తేశాడు. “లోపట బోలు జేసి ఏదో దాశిండ్రు!” అని తలకిందులుగా పట్టి దులిపాడు.

తారాబాయి సిగ్గుతో కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి నేలంతా కాగితాలు. బెల్లంపల్లి బొగ్గు బాయిలో పనిచేసే మగ్దలేనమ్మ కొడుకు ఫోటో ఉంది. ఎవరి పిల్లదో పరీక్ష హాల్ టికెట్టు, దవాఖానా చీటీ, పటాలంలో ఉన్న పిల్లగాడి ఉత్తరం, ఒక పసిదాని ఉంగరాల వెంట్రుకలు కట్టిన పొట్లం ఉన్నాయి. అన్నిటి మీదా ఎర్ర ముద్ర కొట్టిన ఒటియెనో పడి ఉన్నాడు.

“నా కార్డు!”

“గది కార్డా?” అంది మగ్దలేనమ్మ తెల్లబోయి. “నీ ఫోటో అనుకున్న బిడ్డా! బల్ల మీద పడి ఉండె. ఎవరికోసమన్న ప్రార్థన చేయాల్నంటె వాళ్ళ గుర్తు ఏదన్న బైబిల్ల పెడతం. నువ్వు రోజు గా బస్సుల పోతవు వస్తవు, మీ అవ్వ దగ్గర లేదాయె. గందుకే పెట్టిన. గా ఇంగిలీషు అచ్చరాలు నాకేమెరుక?”

ఒటియెనో ఆమె కాళ్ళు ముట్టుకుని, కార్డు అందుకుని, వీధిలోకి పరుగెత్తాడు. “ముఖ్య సాక్ష్యానికి రక్షణ కావాలి!” అంటూ పర్శరాములు అతని వెంట పడ్డాడు. పారిపోవడానికి అంతకంటె మంచి సమయం లేదు మరి.

తారాబాయి అందరికీ చేతులు జోడించి, నేల మీద కూర్చుని, ఒక్కొక్క కాగితమూ తుడిచి పీట మీద పెట్టసాగింది. ఒక ఫోటో దగ్గర ఆమె చెయ్యి ఆగింది. తలంబ్రాలు పోసుకుంటున్న పర్శరాములు, పక్కన నవ్వు ఆపుకోలేక తల వంచుకున్న తను.

“అవ్వా, మా పెళ్ళి ఫోటో గిండ్లకెట్ల వచ్చింది?”

“నువ్వే ఇస్తివి గదా బిడ్డా, పెండ్లైన కొత్తల.”

“ఏమని ప్రార్థన చేస్తున్నరు?”

మగ్దలేనమ్మ నలుగురి వైపూ చూసి, గొంతు తగ్గించింది. “నీకు జర ఓపిక ఇయ్యమని.”

పన్నెండుమందీ పైట చెంగులు నోట్లో కుక్కుకున్నారు. తారాబాయి ఫోటోను ఆమె చేతిలో పెట్టి, “బందు చెయ్యకుండ్రి అవ్వా” అంది.

నాలుగున్నరకు ఇద్దరూ తిరిగొచ్చారు. నాలుగు కొట్టడానికి ఇంకా కొంచెం ఉండగానే అందుకున్నారట. ఒటియెనో ముఖం చూస్తే అడగక్కరలేదు. ఇంకో మూడు నెలలు, ఇంకో తొమ్మిది చెరువులు. పర్శరాములుకు మళ్ళీ పుస్తకాల భాష వచ్చేసింది.

“ఆ గ్రంథం మీద నాకు మొదటినుంచీ అనుమానమే.”

“మరి మొండయ్యనెందుకు సతాయించిండ్రు?”

“గ్రంథాన్ని ఏమరుపాటుకు గురిచేయడానికి.”

ఆఫీసువాళ్ళు అడ్డంగా గీత కొట్టి వాపసు ఇచ్చిన పాత కార్డును ఒటియెనో మగ్దలేనమ్మ చేతిలో పెట్టాడు. “అవ్వా, ఇది ఇగ ఉత్త ఫోటోనే. నీ బైబిల్లనే ఉంచుకో.”

ఆమె దాన్ని ఒకసారి, అతని చేతిలోని కొత్త కార్డును ఒకసారి చూసింది. చెయ్యి చాపింది.

“గీ కొత్త దాంట్ల జర నవ్వినవ్ బిడ్డా. గిదే పెడత, ఇటు తే.”

ఒటియెనో కొత్త కార్డును చొక్కా లోపలికి తోసేసి, రెండు చేతులతో గుండెకు అదిమిపెట్టుకుని, మోకాళ్ళ నొప్పులన్నీ మరచి, ఒక్క దూకు దూకి వాకిట్లో పడ్డాడు.