నక్క సారు పెట్టిన ఉత్సాహ వేదిక

ఒక పెద్ద అడవిలో బడి పంతుళ్ళంతా సాయంత్రం వాగు ఒడ్డున చేరి, ఆ రోజు ఎవరి క్లాసు ఎలా తగలడిందో చెప్పుకుని తిట్టుకునేవారు. తిట్లయ్యాక ఎవరో ఒకరు ఉపాయం చెప్పేవారు. మర్నాడు పాఠం కాస్త మెరుగ్గా నడిచేది.

ఈ సంగతి సింహం చెవిన పడింది. "ఇంత మంచి పని ఎవరి అనుమతితో జరుగుతోంది?" అని గర్జించి, దాని మీద నక్కను అధికారిగా వేసింది.

పక్క అడవిలో శిక్షణ పొంది వచ్చిన నక్క వాగు ఒడ్డున రాయెక్కింది. "ఇకపై ఇది ఉత్సాహ వేదిక. ఏడుపులు నిషేధం. విజయాలే చెప్పాలి. చెప్పినవాళ్ళకు నెమలీక."

ఈత నేర్పే బాతు టీచరమ్మ రెక్క ఎత్తింది. "సార్, సింహం గారి అబ్బాయి నీళ్ళు చూస్తేనే వణికిపోతున్నాడు. ఏం చెయ్యాలో ఎవరైనా చెప్తారేమోనని..."

"వణుకు అనకూడదమ్మా. పులకింత అనాలి."

"పళ్ళు కూడా టకటకా కొట్టుకుంటున్నాయి సార్."

"అది సంగీతం."

అందరూ చప్పట్లు కొట్టారు. బాతుకు ఈక దక్కింది.

చెట్లెక్కడం నేర్పే ఎలుగు మాస్టారు ఉపాయం చెప్పబోయి నోరు మూసుకున్నారు. ఉపాయం చెప్తే సమస్య ఉందని ఒప్పుకున్నట్టే కదా! తన శిష్యులు కొమ్మల మీంచి జారి పడుతున్న మాట దాచి, "మావాళ్ళు దిగడంలో మహా వేగం సార్" అని తనూ ఒక ఈక పట్టుకెళ్ళారు.

నక్క చెప్పినవి విని సింహం పొంగిపోయింది. కొడుకు ఈత చూడమని అడవినంతా మడుగు దగ్గరకు పిలిచింది.

పిల్ల సింహం గట్టు మీద బిగుసుకుపోయి నిలబడింది. "చూశారా పులకింత!" అంటూ నక్క దాని వీపు తట్టింది. ఆ దెబ్బకు పిల్ల మడుగులో పడి బుడుంగున మునిగింది.

బాతు వెంటనే దూకింది. కానీ ఆ బరువు లేపడం దాని వల్ల కాలేదు. "మాస్టారూ!" అని అరిచింది. ఎలుగు మాస్టారు దూకి, పిల్లను మెడ పట్టి ఒడ్డుకు ఈడ్చారు.

పిల్ల నీళ్ళు కక్కుకుని, "నాన్నా, నాకు భయం. టీచరమ్మకు చెప్పాను" అంది.

సింహం బాతు వైపు ఉరిమి చూసింది.

"నేనూ చెప్పాను మహారాజా," అంది బాతు. "నక్క సారు ఈక చేతిలో పెట్టి కూర్చోమన్నారు."

ఆ సాయంత్రం ఎలుగు మాస్టారు బాతును పక్కకు పిలిచారు. "ముందు కాళ్ళు తడిసే లోతులో కప్పలతో ఆడించమ్మా. ఈత మాటే ఎత్తకు." కొన్నాళ్ళకే పిల్ల సింహం నీళ్ళలోంచి బయటికి రానని మొండికేసింది.

నక్క ఉద్యోగం ఊడుతుందని అందరూ అనుకున్నారు. అనుభవం ఉన్న అధికారి అని సింహం దానికి ఇంకా పై పదవి ఇచ్చింది.

నక్క మళ్ళీ రాయెక్కింది. "ఇకపై ఇది ఆవేదన వేదిక. నవ్వులు నిషేధం. బాతమ్మా, మీతోనే మొదలు. ఏడవండి."

"ఇప్పుడు ఏడవడానికేం లేదు సార్. అబ్బాయి బాగా ఈదుతున్నాడు."

"అయితే మీకు సంజాయిషీ నోటీసు ఇవ్వాల్సొస్తుంది."

బాతుకు నిజంగానే ఏడుపొచ్చింది.

"శభాష్!" అంది నక్క.

నీతి: పై అధికారిని అడక్కుండా నవ్వకండి, ఏడవకండి, పాఠం సంగతంటారా, అది తీరిక దొరికినప్పుడు చెప్పుకోవచ్చు.