ఆఫీసు మోడల్ గవర్రాజు

మున్సిపల్ ఆఫీసులో జనన మరణ ధ్రువపత్రాల కౌంటర్ చూసే సీనియర్ అసిస్టెంటు గవర్రాజు ఒక సోమవారం పొద్దున కూర్చున్న కుర్చీలోనే వెబ్‌క్యామ్‌గా మారిపోయాడు. క్యూలో ఉన్నవాళ్ళు కాస్త ముందుకి వంగి చూసి, మళ్ళీ ఎవరి వరసలో వాళ్ళు సర్దుకున్నారు. వరస వదులుకుంటే మళ్ళీ మర్నాడు రావాలి. ఎవరు మటుకు ఎందుకు వదులుకుంటారు?

పక్క సీటు జూనియర్ అసిస్టెంటు నాగలత ఆయన్ని కుర్చీలోంచి చేత్తో తీసి, పైట చెంగుతో తుడిచి, అటూ ఇటూ తిప్పి చూసింది. నల్లటి గుండ్రటి గాజు కన్ను, పక్కన బియ్యపుగింజంత లైటు, మానిటర్ అంచుకి తగిలించుకోవడానికి వెనక ఒక క్లిప్పు, మూరెడు వైరు. మైకు లేదు. మనిషిగా ఉన్నప్పుడూ ఆయన పెద్దగా నోరు విప్పిన రకం కాదు గనక అది లోపమని ఆమెకి అనిపించలేదు. మానిటర్ మీద తగిలించి వైరు గుచ్చగానే పచ్చ లైటు వెలిగింది. దరఖాస్తుదారుల ఫొటో తియ్యడానికి కెమెరా కావాలని ఆ సెక్షన్ వాళ్ళు అడిగి అడిగి విసిగిపోయి ఉన్నారు.

"పోన్లెండి, సార్ అక్కరకొచ్చారు," అంది నాగలత.

గవర్రాజుని సిబ్బంది కింద రాయాలా, సామాను కింద రాయాలా అన్న మీమాంస మర్నాడు కమిషనర్ దాకా వెళ్ళింది. సామానే అని సిబ్బంది విభాగం వారి వాదన. సామానైతే కొన్న బిల్లు చూపించమని స్టోర్సు వారి పట్టుదల. బిల్లు లేదు కాబట్టి ఆయన ఉద్యోగే అని తేలింది. కమిషనర్ కూడా సంతోషించాడు. "పొద్దున్నే వస్తున్నారు. సాయంత్రం దాకా సీట్లోంచి లేవట్లేదు. టీకి కూడా వెళ్ళట్లేదు. ఇంతకంటే ఏం కావాలయ్యా మీకు?" అని అందరినీ కేకలేశాడు.

అందరికంటే ఎక్కువ సంతోషించింది జనం. అన్నేళ్ళుగా ఊళ్ళోవాళ్ళకి గవర్రాజు అంటే కౌంటర్ అవతల వంచి ఉన్న ఒక బట్టతల. పుట్టినవాళ్ళ కోసం వచ్చినా, పోయినవాళ్ళ కోసం వచ్చినా, ఆయన తలెత్తి చూసిన పాపాన పోలేదు. "తర్వాత" అని కాగితాలతోనే అనేవాడు. ఇప్పుడు అలా కాదు. ఎవరు ఎదురుగా నిలబడితే వాళ్ళ మొహంలోకి నేరుగా, కన్నార్పకుండా చూస్తున్నాడు. జనం తల దువ్వుకుని రావడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళు పూలు పెట్టుకుని వస్తున్నారు.

"సచ్చిపోయినాయన కాయితం కోసం చెప్పులరిగేలా తిరిగాను బాబూ. నా మొగం చూసినోడే లేడు," అంది ఒక ముసలమ్మ. "ఈ బాబు ఎంతసేపు చూశాడో! సల్లగా ఉండాల."

ఆవిడ కాగితం ఆ రోజూ రాలేదు. అయినా వెబ్‌క్యామ్‌కి దణ్ణం పెట్టి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. నిజానికి ఎవరి కాగితమూ మునుపటి కంటే తొందరగా రావడం లేదు. ఫిర్యాదులు మాత్రం బొత్తిగా ఆగిపోయాయి. తమకి కావలసింది కాగితమని ఇన్నాళ్ళూ జనం పొరపాటు పడ్డారని కమిషనర్ పై అధికారులకి నివేదించాడు.

సాయంత్రం ఆఫీసు మూసేటప్పుడు అటెండరు గవర్రాజుని జేబురుమాల్లో చుట్టి, ఆయన భార్య మంగతాయారు చేతికి అప్పగించేవాడు. ఆవిడ ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడుతుంది. మొదటి రోజు ఏడవాలో నవ్వాలో తెలియక, ఆయన్ని ఆయన కుర్చీలోనే పెట్టి, పక్కన కాఫీ పెట్టింది. కాఫీ చల్లారిపోయింది. అదీ కొత్త కాదు. తర్వాత ఊళ్ళోవాళ్ళ మాటలు ఆవిడ చెవిన పడ్డాయి. జాకెట్టు ఇవ్వడానికి వచ్చినవాళ్ళంతా ఒకటే పొగడ్త. "ఎంత నిదానంగా చూత్తారండీ మీ ఆయన! కడుపు నిండిపోయిందనుకోండి!"

మంగతాయారు మిషను ఆపేసింది. కాపరానికి వచ్చినప్పటి నుంచి ఆవిడ అడగని కోరిక ఒకటే ఉంది. ఆయన తనని ఒక్కసారి నిదానంగా చూడాలి. కొత్త చీర కట్టినా, జ్వరం వచ్చినా, జుట్టు సగం నెరిసినా ఆయనకి తెలియలేదు. ఊరందర్నీ చూస్తున్న మనిషి పెళ్ళాన్ని చూడడా?

జాకెట్ల డిజైన్లు చూసుకోవడానికి ఆవిడకో కంప్యూటరుంది. ఆ సాయంత్రం నెమలికంఠం రంగు చీర కట్టుకుని, బొట్టు దిద్దుకుని, ఆయన్ని దాని మీద తగిలించి ఎదురుగా కూర్చుంది. లైటు వెలగలేదు. 'ఈ పరికరాన్ని గుర్తించలేకపోతున్నాం' అని తెర మీద వచ్చింది.

రిపేరు షాపు నసీర్‌ని పిలిపించింది. అతను వైరు తీసి పెట్టి, పెట్టి తీసి, తల గోక్కున్నాడు.

"ఆఫీసులో ఆపరేటింగ్ సిస్టమ్ వేరు, మీ ఇంట్లోది వేరండి. రెండిట్లోనూ పనిచేసే మోడళ్ళు ఉంటాయి గానీ, సార్ ఆ రకం కాదండి. ఇదివరకు ఇంట్లో పనిచేసేవారా?"

మంగతాయారు ఆలోచించింది. "లేదు బాబూ. పెళ్ళిలో జీలకర్రా బెల్లం పెట్టి తెర తీసినప్పుడు ఓసారి చూశారు. అదీ ఫొటోలాయన తల పట్టుకుని తిప్పితేను."

"అయితే ఆఫీసు సిస్టమే ఇక్కడా వేసేద్దాం. అప్పుడు చచ్చినట్టు పనిచేత్తారు," అన్నాడు నసీర్.

వేశాడు. పచ్చ లైటు వెలిగింది. మంగతాయారు పైట సర్దుకుని తెర వంక చూసింది. కుట్టుమిషను తేటగా కనిపిస్తోంది. గోడ మీద క్యాలెండరు, టీవీ, స్టాండు మీద ఇస్త్రీ పెట్టె అన్నీ తేటగా ఉన్నాయి. ఆవిడ కూర్చున్న చోట మాత్రం నెమలికంఠం రంగు మసక ఉంది. ఆవిడ పక్కకి జరిగితే మసకా పక్కకి జరిగింది.

నసీర్ చాలాసేపు మీటలు నొక్కి, ఆవిడ మొహం చూడకుండా చెప్పాడు. "ఎదురుగా ఉన్న ముఖ్యమైంది ఉంచి, వెనకాల ఉన్నదాన్ని మసకేసే సౌకర్యం ఒకటుంటుందండి. సార్ ఇంట్లో ఉన్నప్పుడు మిమ్మల్ని వెనకాల సామాను కింద లెక్కేసుకుంటన్నారండి."

"తీసెయ్యలేవా?"

"పైనుంచి పెట్టిన సెట్టింగయితే తీసేసేవోణ్ణేనండి. డిజైనే అంత."

నసీర్ వెళ్ళాక మంగతాయారు వెక్కి వెక్కి ఏడ్చింది. ఊళ్ళోవాళ్ళ మీద కోపం వచ్చింది, వాళ్ళు చెప్పగా విన్న ముసలమ్మ మీద అసూయ కూడా కలిగింది. తెల్లారేసరికి ఆవిడకి ఒక సంగతి తట్టింది. ఆయన చూసే చోటు ఒకటుంది. అక్కడికి ఎవరైనా వెళ్ళవచ్చు.

పొద్దున ఆయన్ని అటెండరుకి అప్పగించి, ఇంటికి పోకుండా టోకెను తీసుకుని క్యూలో నిలబడింది. ఆవిడ పుట్టింది ఇంట్లో, మంత్రసాని చేతుల మీద. జనన ధ్రువపత్రం అంటూ ఎన్నడూ లేదు. ఇప్పుడు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మధ్యాహ్నానికి వంతు వచ్చింది.

"అమ్మా, ఇటు సార్ వైపు చూడండి. కదలకండి," అంది నాగలత.

మంగతాయారు చూసింది. ఆయనా చూశాడు. మానిటర్ మీద ఆవిడ మొహం గీత గీతా తేటగా వచ్చింది. చెంపల దగ్గర నెరిసిన జుట్టు, కనుబొమ పక్కన పుట్టుమచ్చ, రాత్రి ఏడుపుకి ఉబ్బిన రెప్పలు, అన్నీ. కాపరంలో మొదటిసారి ఆయనకి ఆవిడ పూర్తిగా కనిపించింది. ఆవిడకి ఒళ్ళంతా తేలికైపోయింది. చేతులెత్తి దణ్ణం పెట్టి, వెనకవాళ్ళు గొణిగేదాకా అలాగే నిలబడింది.

పై వారం దరఖాస్తు రసీదులో పేరు తప్పు దిద్దించుకోవడానికి వచ్చింది. ఆ పై వారం దిద్దినదాన్ని మళ్ళీ దిద్దించడానికి వచ్చింది. ఆఫీసు తప్పులకి కొరత లేదు గనక ఏ ఇబ్బందీ రాలేదు. ఇంట్లో ఇప్పుడు ఆవిడకి ఆయన మీద ఏ ఫిర్యాదూ లేదు. ఆయన వైరు చక్కగా చుట్టి పెడుతుంది, గాజు మెత్తటి గుడ్డతో తుడుస్తుంది, పాత సినిమా పాటలు పాడుకుంటూ జాకెట్లు కుడుతుంది. ఇంతటి భాగ్యం కలిగించిన మున్సిపాలిటీకి కృతజ్ఞతగా కౌంటర్ బల్లకి గుడ్డ కూడా కుట్టి ఇచ్చింది.

ఆ క్యూలోనే ఒకరోజు వెనక నిలబడ్డావిడ భుజం తట్టి పలకరించింది. మంచి జరీచీర కట్టుకుని, తలనిండా కనకాంబరాలు పెట్టుకుంది. చేతిలో దరఖాస్తు ఖాళీగా ఉంది.

"గవర్రాజు గారి మిసెస్ మీరే కదండీ? పెట్టి పుట్టారండి."

"ఏదో, దేవుడి దయండి. మీవారేం చేస్తారు?"

"ఇంటిపన్నుల కౌంటర్లోనండి," అని ఆవిడ కళ్ళు దించుకుంది. "ఇంకా మనిషిగానే ఉన్నారండి."

మంగతాయారుకి జాలేసింది. ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "దిగులు పడకండి, ఎవరికైనా ఎంతకాలం ఉంటుందండీ అది," అని ఓదార్చి, "రండి, మీరు ముందు నిలబడండి. మావారు ఎవరినైనా చూస్తారు," అంది.