మొండయ్య తెచ్చిన తెర

మైకు తేవాలి. కుర్చీలు దూరందూరంగా వేయించాలి. కిరీటానికి జిగురు పూయాలి. కార్ఖానా యజమాని సేఠ్‌కు దండ కొనాలి. తెర సంపాదించాలి. కరోనా రెండో ఏడు, ఆంక్షలు సడలిన ఆ ఆదివారం పొద్దున, సాయంత్రం ఆడబోయే నాటకం కోసం సూరత్‌లో మరమగ్గాల మేస్త్రీ మొండయ్య ముందున్న పనులివి. అన్నీ అయ్యాయి, తెర తప్ప. కార్ఖానాకు వెళ్లి, సలాబత్‌పురా బజారుకు పంపాల్సిన తాకాల్లోంచి, అంటే గుడ్డ తానుల్లోంచి, ఒకటి చంకన పెట్టుకొచ్చాడు. ఆట అయ్యాక మడిచి పెట్టేయవచ్చనుకున్నాడు. ఆ సంగతి తెలియని పెయింటర్ బిక్షపతి దాని మీద రాజమహలు వేసేశాడు.

మధ్యాహ్నం సరుకు తీసుకెళ్లే టెంపో వచ్చింది. ఒక తాకా తక్కువ. తాకాలు మడతపెట్టే గంగారాంను సేఠ్ పిలిచి, సాయంత్రానికి గుడ్డ దొరక్కపోతే రేపటి నుంచి పనికి రావద్దన్నాడు. లాక్‌డౌన్‌లో పస్తులున్న ఇల్లు అది.

"ఏం జేస్తం గంగన్నా, నీ రాత గట్లుంది" అన్నాడు మొండయ్య.

సాయంత్రం ఆడే నాటకం రాసిందే గంగారాం. సూరత్‌కు వలస వచ్చిన కొత్తలో ఇక్కడి తెలుగువాళ్లు ఆడిన మొదటి నాటకం. తన తప్పులన్నీ విధి మీదికి నెట్టే రాజును విధే వచ్చి నిలదీస్తుంది. రాజు వేషం మొండయ్యది. విధి వేషం గంగారాం కూతురు పద్మారాణిది.

సాయంత్రం ఆట మొదలయ్యాక తెర వెనుక నిలబడ్డ పద్మారాణికి గుడ్డ కొసన మగ్గం నంబరు కనబడింది. నాన్న వేసిన అంకెలే; తెర తెచ్చింది మొండయ్య. ఆమె ఒళ్లు మండిపోయింది.

"అంతా విధి చేసినదే!" మొండయ్య రాగం తీశాడు.

పద్మారాణి మాస్కు పీకేసి వేదిక మీదికి దూకింది.

"నేనా? గుడ్డ దెచ్చింది నువ్వు, నౌకరి పోయేది మా బాపుకు, బద్నాం నాకా? చెప్పు కాకా, ఎవలు దెచ్చిండ్రు?"

నాటకంలో ఈ మాటలు లేవు. మొండయ్య ఒప్పేసుకున్నాడు. "నేనే... నేనే దెచ్చిన."

జనం ఊగిపోయారు. "వన్స్‌మోర్!"

అడిగితే మళ్లీ పాడాల్సిందే, పద్యనాటకంలో అది ఆచారం. మొండయ్య ఈసారి రాగం కూడా పెట్టాడు. మళ్లీ వన్స్‌మోర్.

"సేఠ్‌కు సమజ్ గాలే, జర హిందీల అను!" వెనుక వరసలోంచి వెంకటవ్వ అరిచింది.

"కపడా మైనే లియా, సేఠ్!"

ముందు వరసలో దండతో కూర్చున్న సేఠ్ తెరను చూశాడు, రాజును చూశాడు. "గంగారాం, కల్ ఆ జానా" అన్నాడు. మొండయ్యను మాత్రం రావద్దన్నాడు.

"ఏం జేస్తం, నా రాత" అన్నాడు మొండయ్య.

దానికి ఎవరూ వన్స్‌మోర్ కొట్టలేదు.

గంగారాం మర్నాడు పనికి వెళ్లాడు. తప్పయిందని సేఠ్ ఆయనకు ఇంతవరకు చెప్పలేదు. కనీసం మీరైనా గంగారాంను, సూరత్ తెలుగువాళ్ల మొదటి నాటకం రాసినవాడిగా, గుర్తుంచుకోండి.