మూడు తాళాల పడవ

ఆదివారం ఉదయం తాళాలాయన చేతిలో ఉన్న సరుకు ఇది: తానే కూర్చుకున్న ఒక ఫైబరు పడవ, దాన్ని దూరం నుంచి పరుగెత్తించే రిమోట్, ఒక భార్య, ఒక బావమరిది. వీటిలో ఆయన పూర్తిగా నమ్మింది రిమోట్‌ను. అదీ ఎప్పుడూ జేబులోనే ఉంటుంది కాబట్టి.

పక్క కొట్టు గొడుగులాయన ఎండకని కట్టిన గుడ్డపందిరి తాళాలాయన బోర్డును మింగేసింది. అక్కడ తాళాల కొట్టు ఒకటుందని వీధిలో కొత్తవాళ్లకు తెలియడమే లేదు. ఇద్దరికీ రిమోట్ పడవల పిచ్చి ఉంది కనుక పందెం కుదిరింది. పార్కు చెరువులో ఎవరి పడవ ముందుగా రెండు చుట్లు పూర్తిచేస్తే వాళ్లది గెలుపు. మధ్యలో మొరాయిస్తే ఒడ్డుకు తెచ్చి, సరిచేసి మళ్లీ వదలొచ్చు. తాళాలాయన గెలిస్తే పందిరి దిగుతుంది. ఓడితే ఇక జన్మలో ఆ పందిరి ఊసెత్తకూడదు.

ఆ ఉదయం పని చిన్నదే. ప్రొపెల్లర్ ఇరుసుకు గ్రీజు పెట్టి, చుక్కాని సరిచూసుకుని, చెరువుకు వెళ్లడం. కానీ మూత తీయగానే ఆయన గ్రీజు డబ్బా పక్కన పెట్టేశాడు. అలాంటి పడవ నడకంతా లోపల బ్యాటరీ కూర్చున్న చోటును బట్టే ఉంటుంది. వెనక్కి జరిపితే ముక్కు లేస్తుంది, ముందుకు జరిపితే దిగుతుంది. పెన్సిలు గీత గీసి మరీ బిగించిన బ్యాటరీ ఇప్పుడు గీత దాటి వేలెడు ముందుకు వచ్చి ఉంది.

"ఎవడో చెయ్యి పెట్టాడు!"

"ఏవండీ, అదీ..." అంటూ భార్య వంటింట్లోంచి వచ్చింది.

"నువ్వు మధ్యలో మాట్లాడకు. దొంగ తనంతట తనే దొరుకుతాడు."

అప్పుడే బావమరిది ఆవలిస్తూ వచ్చాడు. "ఏంటి బావా, పొద్దున్నే పడవ ముందు తపస్సు?"

"నిన్న గొడుగులాయన కొట్లో ఏం చేస్తున్నావు?"

"టీ తాగా."

"ఇంట్లో టీ లేదా?"

"ఉంది. దాంతో పాటు నీ ప్రశ్నలూ ఉంటాయి."

బావమరిది నవ్వాడు. నవ్వినవాడు తప్పు చేసినవాడేనని తాళాలాయన లెక్క. నవ్వకపోతే ఇంకా పెద్ద తప్పు చేసినట్టు.

బ్యాటరీని గీత మీదికి జరిపి, మూతకు కుడివైపు గొళ్లెం బిగించి, ఇత్తడి తాళంకప్ప వేశాడు. తొట్టిలో వదిలితే పడవ కుడికి ఒరిగింది. ఎడమవైపు ఇంకోటి వేశాడు. తోక మునిగింది. ముక్కు దగ్గర మూడోది వేశాడు.

"మీరు చేస్తున్నది పడవా, బీరువానా?" అంది భార్య.

"బీరువాకి ఒకటే తాళం. దీన్నిబట్టి తెలుసుకో."

గొళ్లేల కోసం డొల్లకు వేసిన చిల్లులను లప్పంతో పూడ్చాడు. లప్పం ఆరాలంటే పడవను కిటికీలో ఎండకు పెట్టాలి. కిటికీ వీధివైపు ఉంది. వీధిలో గొడుగులాయన కళ్లున్నాయి. అందుకని పచ్చి లప్పంతోనే దుప్పట్లో చుట్టి చంకన పెట్టుకుని, భార్యనూ బావమరిదినీ వెంటేసుకుని బయల్దేరాడు.

చెరువు గట్టున గొడుగులాయన పకపకా నవ్వాడు. "ఏమండోయ్, దీన్ని నడుపుతారా, తాకట్టు పెడతారా?"

పందెం మొదలైంది. గొడుగులాయన పడవ బాణంలా దూసుకుపోయి, మొదటి మలుపులో తన అల మీద తానే ఎగిరి బోర్లా పడింది. మూడు తాళాల పడవ ఎద్దుబండిలా మొదటి చుట్టు ముగించింది. తాళాలాయనకు తన అదృష్టం మీద కూడా అనుమానం వచ్చింది.

రెండో చుట్టులో పడవ బరువెక్కింది. ఒడ్డు పక్కకు రాగానే బావమరిది మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి ఎత్తి పట్టుకున్నాడు.

"బావా, లోపల నీళ్లు! తాళాలు తియ్యి, వంపేద్దాం. వాళ్లది ఇంకా బోర్లానే ఉంది!"

తాళాలాయన జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "అదీ సంగతి! అందరి ముందు మూత తీయించి, నా అమరికంతా ఆ దొంగ గొడుగులాయనకు చూపిద్దామనా?"

"కారిపోతోంది బావా!"

"వదులు!"

వదిలాడు. పడవ కాస్త దూరం వెళ్లి, పెద్దలకు దండం పెట్టినట్టు ముక్కు వంచి, బుడబుడమంటూ మునిగిపోయింది. ఈలోగా గాలికి కొట్టుకొచ్చిన తన పడవను గొడుగులాయన తుడిచి, తిప్పి వదిలి, తాపీగా రెండు చుట్లూ పూర్తిచేశాడు.

"నీ తమ్ముడే ఏదో చేశాడు!" అని తాళాలాయన భార్య మీదికి వెళ్లాడు.

"బ్యాటరీ జరిపింది నేనండీ. నిన్న మీరు నడిపి చూస్తుంటే ముక్కెత్తి ఎగిరెగిరి పడింది కదా, ముందుకు జరిపితే కుదురుకుంటుందని. చెప్పబోతే మీరు దొంగని పట్టుకుంటున్నారు."

"మరి వీడికి ఆ కొట్లో ఏం పని?"

జవాబు గొడుగులాయన చెప్పాడు. "పందిరి దింపమని బతిమాలడానికి వస్తున్నాడు. నిన్ననే సరేనన్నాను. మీ సరదా చెడగొట్టడం ఎందుకు, పందెం అయ్యాక చెబుదామన్నాను."

తాళాలాయన మొహం విచ్చుకుంది. "అయితే రేపు..."

"ఇంకెక్కడి రేపు? ఊరందరి ముందు దొంగన్నారుగా. ఇప్పుడు దింపితే భయపడి దింపాననుకోరూ? పందిరి ఉంటుంది. మీరు దాని ఊసెత్తకండి."

ఇంటికి నడుస్తూ తాళాలాయన లెక్క చూసుకున్నాడు. పందిరి ఉన్నచోటే ఉంది. బావమరిది మాట్లాడటం మానేశాడు. జేబులో మూడు తాళంచెవులు నిక్షేపంగా ఉన్నాయి. పడవ చెరువు అడుగున ఉంటే ఉందిగాని, దాని మూత మాత్రం ఇక ఎవడూ తీయలేడు.