జెర్రిపోతు నిలువు నిద్ర

సత్యవేణి పెంచుకుంటున్న జెర్రిపోతు తోక మీద నిలబడి నిద్రపోతోందని ఇరుగుపొరుగు ఫిర్యాదు చేయడంతో, సర్ప విశ్రాంతి శాఖ రివాజు ప్రకారం కాకినాడకు ఒక అధికారిని పంపింది. ఆ ఊళ్లో చాలా ఇళ్లల్లో పాములుండేవి. వాటి నిద్ర బాగోగులు చూడటానికి ఒక శాఖ, శాఖకు ఒక జీపు, జీపులో ఒక చిన్న పరుపు ఉండేవి. విశ్రాంతి కరువైన పామును యజమాని దగ్గర్నుంచి తీసుకుపోయి శాఖవారి ఆశ్రమంలో ఉంచేవారు. అక్కడికి వెళ్లిన పాము తిరిగొచ్చిన దాఖలా లేదు.

అధికారి పేరు విశ్వపతి. మెత్తటి మనిషి. చెప్పులు గుమ్మం బయట విడిచి, చప్పుడు కాకుండా గదిలోకి వచ్చాడు. జెర్రిపోతు పేరు సుందరి. మూలన గోడకు తల ఆనించి, ఎవరో మరిచిపోయి వెళ్లిన చేతికర్రలా నిటారుగా నిద్రపోతోంది.

విశ్వపతి దాన్ని అన్ని వైపుల నుంచీ చూశాడు. "నీళ్ల తొట్లో పడుకుంటే వేడి చేసిందనుకుంటామమ్మా. కుబుసం విడిచే ముందు కదలకుండా పడున్నా కంగారు పడం. వెల్లకిలా పడుకుంటే ఒంట్లో బాగోలేదని వైద్యం చేయిస్తాం. నిలబడి నిద్రపోవడం మాత్రం నా సర్వీసులో చూళ్లేదు. ఎవరు నేర్పారు?"

"నేనేం నేర్పలేదండీ బాబూ," అంది సత్యవేణి. "దాన్ని తీసుకుపోతారాండీ? నాకున్నది అదొక్కటేనండీ."

"కారణం దొరక్కపోతే తప్పదమ్మా. పగలంతా ఎక్కడుంటుంది?"

"నాతోనేనండీ. చీరల కొట్లో. కౌంటరు కింద బుట్టలో."

ముగ్గురూ జీపులో మెయిన్ రోడ్డుకు వెళ్లారు. కొట్టు యజమాని వీరభద్రం ఎదురొచ్చి దండం పెట్టాడు. బుట్టలో పట్టు దిండు, పక్కన చల్లటి నీళ్ల గిన్నె, పైన చిన్న ఫ్యాను చూపించాడు. "మా కొట్లో పాముకి ఏ లోటూ రానివ్వమండీ. ఆయ్," అన్నాడు.

విశ్వపతి ప్యాంటు మడిచి, బుట్ట పక్కన నేల మీద బోర్లా పడుకున్నాడు. పాముకు ఏం కనిపిస్తుందో తెలుసుకోవడం తనిఖీలో భాగం. అక్కణ్నుంచి ఆయనకు కనిపించింది సత్యవేణి పాదాలే. పగిలిన మడమలు, ఉబ్బి నీలంగా తేలిన నరాలు. చాలాసేపు చూశాడు. మధ్యలో ఓ కునుకు కూడా తీశాడు. కళ్లు తెరిచేసరికి పాదాలు అలాగే ఉన్నాయి. ఒక్కసారీ మోకాలు వంగలేదు.

లేచి దుమ్ము దులుపుకున్నాడు. "ఈవిడ ఎప్పుడు కూర్చుంటారు?"

"ఎందుకు కూర్చుంటారండీ?" వీరభద్రానికి నిజంగానే అర్థం కాలేదు. "అమ్మేవాళ్లు కూర్చుంటే కొనేవాళ్లకి మర్యాదేముంటుందండీ?"

"మరి భోజనానికి?"

"గోడౌన్లో నిలబడే తినేస్తామండీ," అంది పక్క కౌంటరు నూకరత్నం. "కాళ్లు లాగేస్తున్నాయని ఓసారి ఓ ఆఫీసుకెళ్లి చెప్పుకున్నామండీ. కాళ్లు మా శాఖ కిందికి రావు పొమ్మన్నారు."

"మా శాఖ కిందికీ రావమ్మా," అన్నాడు విశ్వపతి బాధగా. "పాములకు కాళ్లుండవు కదా."

అయితే రోగం మాత్రం ఆయనకు దొరికింది. లోకంలో ప్రాణులు ఉండే తీరే ఇదనుకుని సుందరి నిలబడటం నేర్చుకుంది. చికిత్స అక్కడికక్కడే ఆదేశించాడు: పాము కళ్లెదుట యజమానురాలు కూర్చోవాలి.

"కుదరదండీ," అన్నాడు వీరభద్రం. "ఈవిడ కూర్చుంటే రేపు అందరూ కూర్చుంటామంటారు."

"పాము నిద్ర చెడగొట్టడం నేరం. కొట్టుకు తాళం వేయమంటారా?"

పొద్దుట్నుంచీ సత్యవేణి చేత అరలన్నీ దింపించి, ఏ చీరా నచ్చని ఒక పెద్దావిడ కొనేవాళ్ల కోసం పరిచిన పరుపు మీంచి విసురుగా లేచింది. "నోరులేని జీవాన్ని నిలబెడతారా? మనుషులేనా మీరు? ఈ కొట్లో రుమాలు కూడా కొనను!" ఆవిడ వెనకే మిగతావాళ్లూ లేచారు.

వీరభద్రం పరుగున వెళ్లి గల్లాపెట్టె దగ్గరున్న తన కుర్చీయే మోసుకొచ్చాడు.

సత్యవేణి కూర్చుంది. చేతులెక్కడ పెట్టుకోవాలో మొదట తెలియలేదు. అరికాళ్ల నుంచి ఏదో వెచ్చగా, చీమలు పాకినట్టు పైకొచ్చింది. నడుము దానంతటదే వెనక్కి వాలింది. బుట్టలో నిటారుగా ఉన్న సుందరి తల తిప్పి, వంగిన ఆ మోకాళ్ల వంక చాలాసేపు చూసింది. తర్వాత తోక సడలించింది. మెల్లగా, చుట్ట మీద చుట్టగా కిందికి దిగి, తల చుట్టల మీద పెట్టుకుని ఒళ్లెరగక నిద్రపోయింది.

కొట్టంతా చప్పట్లతో మోగిపోయింది. నూకరత్నం ఈలేసింది. విశ్వపతి కళ్లు తుడుచుకుని, "చికిత్స జీవితాంతం కొనసాగాలి," అని ప్రకటించాడు. సత్యవేణి నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయింది.

దసరా నాటికి నూకరత్నానికీ ఒక జెర్రిపోతు దొరికింది. అదీ నిలబడే నిద్రపోయింది. ఆ తర్వాత మెయిన్ రోడ్డులో చీరలమ్మే ఆడవాళ్లందరి పాములూ నిలబడ్డాయి. జీపు ఒక్కటే అన్ని కొట్లూ తిరగలేక శాఖవారు ఇంకొకటి కొన్నారు. శాఖ ఆదేశంతో కొట్లవాళ్లు తెప్పించిన కుర్చీలు లారీలో వచ్చిన రోజున వీధి వీధంతా బ్యాండు మేళంతో ఊరేగింది. ముందు సత్యవేణి, ఆమె భుజం మీద సుందరి, వెనక కుర్చీలు నెత్తిన పెట్టుకుని కేకలేస్తూ, పాడుతూ తక్కినవాళ్లు. ట్రాఫిక్ పోలీసులు పక్కకు తప్పుకుని దారిచ్చారు. వీరభద్రం స్వయంగా సత్యవేణి మెడలో దండ వేశాడు. బేరాలు పెరిగేసరికి, "ఇచ్చట పాములు హాయిగా నిద్రించును" అని గుమ్మం మీద బోర్డు కూడా పెట్టించాడు.

సంక్రాంతి దాటాక తుని నుంచి భాగ్యవతి అనే యాభై ఏళ్లావిడ కొట్లో కొత్తగా చేరింది. మధ్యాహ్నానికే కౌంటరు పట్టుకుని నిలబడింది.

"కాస్సేపు కూర్చోవచ్చాండీ? కాళ్లు నిలవట్లేదు."

"పాముందా అక్కా నీకు?" అడిగింది సత్యవేణి.

"లేదమ్మా. పాములంటే నాకు చచ్చేంత భయం."

కూర్చున్నవాళ్లందరూ ఆమె వంక జాలిగా చూశారు. "అయ్యో," అంది సత్యవేణి. ఆమెకు నిజంగానే బాధేసింది. "మరి కాళ్లకి రూలు లేదక్కా. ఏం చేస్తాం." నిచ్చెన వైపు చూపించింది. "ఆ పై అరలో గద్వాల చీరలు కాస్త దించు, బేరమొచ్చింది. నేను లేస్తే పాము లేచిపోద్ది."