కనపడని గొట్టం

హాలిఫాక్స్ పట్టణం, లార్క్ వీధి పురజనులకు తెలియజేయడమేమనగా: క్లిఫర్డ్ థ్వెయిట్ గారింట్లో నీళ్ళు కాచే కొత్త బాయిలర్‌కు గ్యాసు గొట్టం ఏ మానవమాత్రుడికీ కనపడకుండా దిగ్విజయంగా వేయబడినది.

ఇదంతా క్లిఫర్డ్ తల్లి ఎడ్నా కోసం. తొంభై ఏళ్ళ మనిషి. కొడుకింటికి వచ్చేస్తూ ఒక్కటే కోరింది. "చచ్చేలోగా మెడదాకా వేడినీళ్ళలో మునగాలిరా. అంతకుమించి నాకేం వద్దు."

గ్యాసు మేస్త్రీ డెస్మండ్ వచ్చి చూశాడు. గ్యాసు మీటరు వీధి గుమ్మం పక్కన, బాయిలర్ ఇంటి వెనక వంటింట్లో, మధ్యలో ముందు గది. "గోడ వెంట తిన్నగా లాగేద్దామండీ. బొటనవేలంత లావు చాలు" అన్నాడు. క్లిఫర్డ్ భార్య బ్రెండా కళ్ళు తిరిగి కూలబడింది. ముందు గది తలుపు క్రిస్మస్‌కి, ఎవరైనా పోయినప్పుడు తప్ప తెరవరు. అందులో గొట్టమా!

అటక మీదుగా తిప్పమన్నారు. "తిప్పొచ్చు. కానీ దూరం పెరిగినా, వంపులు పెరిగినా గ్యాసు నీరసిస్తుంది. గొట్టం లావు చెయ్యాలి" అన్నాడు డెస్మండ్. లావు చేస్తే కనపడుతుంది. కనపడకూడదంటే ఇంకా తిప్పాలి. తిప్పితే ఇంకా లావు. ఈ లెక్కన గొట్టాన్ని ఇంట్లో పెట్టి మనుషులు వీధిలో పడుకోవాల్సి వచ్చేది.

అప్పుడు వీధి శోభా సంఘాధ్యక్షులు ఓలరెన్‌షా గారు ఆదుకున్నారు. మహానుభావుడు! మా అందరిళ్ళలో గొట్టాలూ ఆయన దాచిపెట్టించినవే. "మిత్రులారా! లావు అనేది పాతకాలపు భావన. గొట్టం చిటికెనవేలంతే ఉండాలనీ, గ్యాసు అందుకు సహకరించాలనీ తీర్మానిస్తున్నాను" అన్నారు. ఏకగ్రీవం. గ్యాసు తరఫున ఎవరూ మాట్లాడలేదు. డెస్మండ్ నోరు తెరవబోయాడు గానీ, అప్పటికే ఆ ఇంట్లో టీ తాగి ఉన్నాడు. టీ తాగిన ఇంట కాదనడం మా ఊరి మర్యాద కాదు.

ప్రారంభోత్సవానికి వీధంతా వచ్చాం.

"ఏదీ గొట్టం?"

"లేదు!"

"అబ్బ, ఎంత చక్కగా లేదో!"

అంతలో మేడ మీంచి ఎడ్నా కేక. "ఒరేయ్ క్లిఫ్! నీళ్ళు ఐసులా ఉన్నాయిరా!"

"వేడినీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు కదా అత్తయ్యా" అంది బ్రెండా.

"తోడుకి ముందు వేడినీళ్ళంటూ ఏడవాలి కదే! పైన పటారం, లోన లొటారం!"

"కాస్త మెల్లగా అమ్మా, వీధిలోకి వినిపిస్తుంది" అన్నారు అధ్యక్షులు.

ముసలావిడ కోటు మీద తువ్వాలు కప్పుకుని, మంచులో విసవిసా నడిచి ఎదురింటికి పోయింది. ఆ ఇల్లు మేబుల్ సగ్డెన్‌ది. ఎవరి మాటా వినని రకం. ఆవిడ గొట్టం ముందు గదిలోంచి, వాళ్ళ తాత ఫొటో కిందుగా, సిగ్గూ ఎగ్గూ లేకుండా తిన్నగా పోతుంది. ఆ ఇంట్లో నీళ్ళు పొగలు కక్కుతాయి.

ఆ తర్వాత ప్రతి శనివారం వీధి వీధంతా తువ్వాళ్ళతో మేబుల్ ఇంటికే. వరసలో ముందు అధ్యక్షులవారు. స్నానం చేసి, ఎర్రగా పండిన బుగ్గలతో దిగివస్తూ అందరిదీ ఒకటే మాట: "నీళ్ళు దివ్యంగా ఉన్నాయి గానీ, ఆ గొట్టమే... ఛీ, చూడలేం తల్లీ!"

మొన్న శనివారం సంఘం మేబుల్ ఇంటి మెట్ల మీదే సమావేశమై, వీధి పరువు తీస్తున్న ఆ గొట్టాన్ని తక్షణం తొలగించాలని తీర్మానించింది. తడిచేతులతోనే అందరూ సంతకాలు పెట్టారు. నేనూ పెట్టాను, నా స్నానం అయిపోయింది కదా. ఎడ్నా సంతకం ఒక్కటే మిగిలింది. ఆవిడ ఇంకా తొట్టెలోనే ఉంది. నీళ్ళు చల్లారాక వచ్చి పెడతానంటోంది.