అడ్డకర్ర కేసులో పన్నెండో సాక్షి

మా ఆఫీసులో రికార్డుల గది గుమ్మానికి ఒక అడ్డకర్ర ఉండేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. అది ఎప్పుడో తెర కట్టడానికి కొట్టిన కర్ర. తెర చిరిగిపోయి పదహారేళ్ళయింది. కర్ర తీసెయ్యమని ఉత్తర్వు రాలేదు గనక అది ఉద్యోగంలో కొనసాగింది.

రికార్డుల గుమాస్తా ఆరడుగుల మనిషి. మేం పొడుగాయన అంటాం. ఫైలు మీదే దృష్టి పెట్టి నడిచే శ్రద్ధాపరుడు కావడంతో, రోజుకు రెండుసార్లయినా ఆ కర్రకు నెత్తి కొట్టుకునేవాడు. పొద్దున మొదటి చప్పుడు వినగానే గడియారాలు సరిచేసుకునేవాళ్ళం. ఏడాదికి రెండు మూడుసార్లు స్పృహ తప్పి పడిపోయేవాడు. మంచినీళ్ళిచ్చేవాళ్ళం. మాది మానవత్వం లేని ఆఫీసు కాదు.

కొన్నేళ్ళకు ఆయనకు అక్షరాలు అలుక్కుపోసాగాయి. పక్కనుంచి వచ్చే మనిషి మీద పడేదాకా కనపడేవాడు కాదు. ఇంట్లో గ్లాసులో పోయబోయిన నీళ్ళు బల్ల మీద పడేవి. ఆయన భార్య వడ్రంగి షాపులో రంపం పట్టే మనిషి. రెండు జతల కళ్ళద్దాలు మార్పించి చూసి, ఇక లాభం లేదని కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరు కంటి లోపలి ఫోటోలు చూసి, "మీరు బాక్సింగ్ చేస్తారా?" అని అడిగాడు.

"లేదండీ, గుమాస్తాని."

"తలకు ఊరికే దెబ్బలు తగులుతుంటాయా?"

"ఊరికే కాదండీ, డ్యూటీలోనే."

డాక్టరు నవ్వలేదు. "నెత్తి మీది దెబ్బ నెత్తితో పోదు. కంటి నుంచి మెదడుకు పోయే నరం నలిగితే, ఆ నష్టం మెల్లగా వెనక్కి పాకి రెటీనా దాకా వస్తుంది. మీకు ఆ పొర పలచబడింది. పోయిన చూపు తేలేను. ఇంకో దెబ్బ తగలకపోతే ఉన్నది మిగలొచ్చు" అని సర్టిఫికెట్ రాసిచ్చాడు.

దాన్ని జతచేసి, కర్ర తీయించమని పొడుగాయన అర్జీ పెట్టుకున్నాడు. మా ఆఫీసరు సమావేశం పెట్టి గంభీరంగా ప్రసంగించాడు. "మనుషులు వస్తారు, పోతారు. కర్ర ఉంటుంది. అయినా దెబ్బ తగిలేది నెత్తికి, జబ్బు కంటికి. మధ్యలో నుదురు ఉందని మనవి." చప్పట్లు బాగా పడ్డాయి.

ముగ్గురితో కమిటీ వేశారు. అందులో నేనూ ఉన్నాను. ముగ్గురం అయిదడుగుల చిల్లర వాళ్ళం. గుమ్మంలోంచి ఆరుసార్లు అటూ ఇటూ నడిచి, ప్రమాదమేమీ లేదని నివేదిక ఇచ్చాం. ముందుజాగ్రత్తగా "తల జాగ్రత్త" అని ఒక బోర్డు సిఫార్సు చేశాం. దాన్ని కర్ర కిందే వేలాడదీశారు. గుమ్మం మరో జానెడు దిగింది. మర్నాడే పొడుగాయన నుదురు దానికి తగిలి నెత్తురు కారింది.

ఆ మర్నాడు భోజనాల వేళ ఆయన భార్య రంపం పట్టుకొచ్చింది.

"ఏమండీ, స్టూలు పట్టుకోండి" అంది. ఆయన పట్టుకున్నాడు.

"ఎవరికైనా అభ్యంతరమా?" అని మమ్మల్నడిగింది. మిగతా గుమాస్తాలం పదకొండు మందిమీ అన్నం డబ్బాల్లోంచి తల ఎత్తలేదు. నాలుగు నిమిషాల్లో కర్ర కింద పడింది. రంపపు పొట్టు పొడుగాయనే ఊడ్చాడు.

విచారణ జరిగింది. ఏమీ కనపడలేదని పదకొండు మందిమీ రాసిచ్చాం. పన్నెండో సాక్షి పొడుగాయన మాత్రం, "నా భార్య కోసింది, స్టూలు నేను పట్టుకున్నాను, కళ్ళారా చూశాను" అని రాసిచ్చాడు. ఆఫీసరు సంబరంగా ఫైలు పైకి పంపాడు. అది వారంలో తిరిగొచ్చింది. చూపు సరిగా లేదని సర్టిఫికెట్ ఉన్నవాడి సాక్ష్యం చెల్లదట. కర్ర తనంతట తానే పదవీ విరమణ చేసిందని నమోదు చేసి కేసు మూసేశారు.

పొడుగాయన పోయిన చూపు తిరిగి రాలేదు. ఉన్నది తగ్గనూ లేదు. ఇప్పుడు ఈలవేసుకుంటూ ఆ గుమ్మం దాటుతున్నాడు.

ఈ సంగతి విన్న కంటి డాక్టరు కుతూహలం కొద్దీ మా పదకొండు మందినీ పిలిచి పరీక్ష చేశాడు. అందరి రెటీనాలూ నిక్షేపంగా ఉన్నాయి. చూపులో ఏ లోపమూ లేదని నాకిచ్చిన సర్టిఫికెట్‌ని పటం కట్టించి, వచ్చేపోయే వాళ్ళకు కనపడేలా బల్ల మీద పెట్టుకున్నాను.